తొంభై ఏడో పేజీలో నేను కనిపెట్టిన కొత్త శిల్పం

రెండు వందల మంది ముందు మైకు పట్టుకుని, గొంతు పలికించి, వరి పైరుకు పట్టే పురుగు గురించి చదువుతూ కళ్ళు తుడుచుకున్న సాహిత్య విమర్శకుడు తెలుగునాట నేను కాక ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు. ఉంటే దయచేసి ఒక కార్డు ముక్క రాయండి, ఇద్దరం కలిసి ఒక సంఘం పెట్టుకుందాం. ఇన్నాళ్ళుగా దానికి అధ్యక్షుణ్ణీ నేనే, సభ్యుణ్ణీ నేనే. ఇప్పుడు మీకు చెబుతున్నాను. నవ్వుకోండి, పరవాలేదు. ఆ రోజు రేపల్లె మొత్తం నవ్వింది, మీరు నవ్వితే కొత్తగా పోయేదేమీ లేదు.

అరవయ్యో దశకం చివరి రోజులవి. నాకు ఇరవై నాలుగేళ్ళు. తెనాలిలో ఒక ఆఫీసులో గుమాస్తాని. పగలంతా అర్జీల మీద నంబర్లు వేసేవాణ్ణి, సాయంత్రం ఐదు కొట్టగానే సాహిత్యాన్ని ఉద్ధరించడానికి బయలుదేరేవాణ్ణి. మా ఊళ్ళో అప్పుడు ఏ సందులోకి తిరిగినా ఒక ప్రెస్సు చప్పుడు వినిపించేది. అలాంటి ఒక ప్రెస్సుకు యజమాని నాగభూషణం గారు. పుస్తకాలు అచ్చువేయడం, వాటిని అమ్మడం, పైగా ఒక వారపత్రిక నడపడం, అన్నీ ఆయనే. పుస్తకాలు చదవడం ఒక్కటే ఆయన చేయని పని.

"చదివితే ఇష్టాయిష్టాలు వస్తయ్ సూర్యంగారూ. అవి వస్తే వ్యాపారం పోద్ది. అందుకే మిమ్మల్ని పెట్టుకుంది" అనేవారు.

ఆ పత్రికలో కొత్త పుస్తకాల మీద సమీక్షలు రాయడానికి ఒక పేజీ నాకిచ్చారు. మూడు నెలలు చూస్తానని, పేజీకి పేరొస్తే అది నాదేనని మాట. నేను వెంటనే ఒక కలంపేరు పెట్టుకున్నాను. నిశితాక్షుడు. అంటే చాలా చురుకైన చూపు కలవాడని అర్థం. అప్పటికే నాకు సోడాబుడ్డి కళ్ళజోడు ఉందన్న సంగతి పాఠకులకు తెలియదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

నా సమీక్షా పద్ధతి చాలా సులువు. పుస్తకం అర్థమైందా, అది మామూలు పుస్తకం. అర్థం కాలేదా, అది గొప్ప పుస్తకం. ఆ రోజుల్లో పెద్ద పెద్ద విమర్శకుల వ్యాసాల్లో చైతన్య స్రవంతి అనే మాట కొత్తగా తిరుగుతూ ఉండేది. మనసులో ఆలోచనలు ఎలా పారితే అలా రాయడమట, అంతకు మించి నాకు సరిగ్గా తెలియదు. తెలియదు కాబట్టే, ఇడ్లీ మీద కారప్పొడి చల్లినట్టు ప్రతి సమీక్ష మీదా కాస్త చల్లేవాణ్ణి.

ఒకరోజు నాగభూషణం గారు అప్పుడే బైండింగు అయిన ఒక నవల నా చేతిలో పెట్టారు. జిగురు వాసన ఇంకా పోలేదు. పేరు "రైలు తప్పిన సాయంత్రం". రాసింది శాంతమ్మ అనే ఆవిడ, రేపల్లెలో ఒక మిషన్ బడిలో టీచరు. మొదటి పుస్తకం. పిల్లల పరీక్ష కాగితాల వెనక తెల్లగా మిగిలిన వైపున ఎనిమిదేళ్ళ పాటు రాసుకున్న నవలట.

"ఈవిడదే రెండో నవల కూడా నా బీరువాలో ఉంది" అన్నారాయన. "మొదటిదానికి మంచి మాట వస్తే రెండోది మెషినెక్కుద్ది. రాకపోతే ఆ కాగితాలు తిరిగి రేపల్లె బండెక్కుతయ్. అంతా మీ చేతిలోనే ఉంది."

ఒకరి ఎనిమిదేళ్ళ కష్టం నా చేతిలో ఉందనగానే భయం వేయాలి. నాకు వేయలేదు. చొక్కా కాలరు సర్దుకున్నాను. ఆ వయసు అలాంటిది.

నవల మొదలుపెట్టాను. సరోజ అని ఒక టీచరు. రామ్మూర్తి అనే అతనికి ఆమె మీద ఇష్టం. పెళ్ళి కుదరాలంటే ఉద్యోగం మానాలని సరోజ మేనమామ ఒత్తిడి చేస్తుంటాడు. ఇంతవరకు అంతా శుభ్రంగా అర్థమవుతూ ఉంది కాబట్టి నాకు ఆవులింతలు వస్తున్నాయి. తొంభై ఆరో పేజీ చివరికి వచ్చాను. ఆఖరి వాక్యం ఇది: "సరోజ కిటికీ దగ్గరకు వచ్చి, అతని చేతిని పట్టుకుని, నెమ్మదిగా".

పేజీ తిప్పాను. తొంభై ఏడో పేజీ మొదటి వాక్యం: "పొలంలో నీరు తీసివేసి మూడు రోజులు ఆరబెట్టాలి."

మీకు ఇప్పటికే విషయం అర్థమై ఉంటుంది. మీరు మామూలు మనుషులు కాబట్టి అర్థమైంది. నేను విమర్శకుణ్ణి. ఒక్కసారిగా లేచి కూర్చున్నాను.

ఆ తర్వాత పదహారు పేజీలూ అలాగే సాగింది. సరోజ లేదు, రామ్మూర్తి లేడు. కాండాన్ని తొలిచే ఒక పురుగు. పైకి పచ్చగానే కనిపిస్తూ లోపల మొవ్వు ఎండిపోయి, పట్టుకుని లాగితే చేతికి వచ్చేసే పైరు. గాలి లేని పూట చూసి చల్లవలసిన పొడి మందు. చల్లేవాడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలట. నూట పన్నెండో పేజీ చివర "చీడ పట్టిన దుబ్బులను పీకి గుంటలో పూడ్చిన తరువాత" అని ఆగింది. నూట పదమూడో పేజీ మొదట్లో "ఆమె కళ్ళలో నీళ్ళు నిలిచాయి" అని ఉంది.

నా కళ్ళలోనూ నిలిచాయి. ఎంత ధైర్యం ఈ టీచరమ్మకి అనుకున్నాను. ప్రేమికుడి చేయి పట్టుకున్న క్షణంలో హీరోయిన్ మనసు సరాసరి పొలంలోకి దూకింది. పైకి పచ్చగా ఉండి లోపల ఎండిన మొవ్వు ఎవరు? సరోజే. ముక్కుకు గుడ్డ కట్టుకున్నది ఎవరు? సమాజం. ఇంకో వింత చెప్పాలి. పేజీల అడుగున మూలగా చిన్న అక్షరాలతో అక్కడక్కడా "రైలు–5", "రైలు–6" అని ఉంది. తొంభై ఏడో పేజీ అడుగున మాత్రం "వరి–7" అని ఉంది. బైండింగు చేసేవాళ్ళ గుర్తు కోసం ప్రెస్సువాళ్ళు వేసుకునే అంకె అది. తెనాలిలో పుట్టి, ప్రెస్సుల మధ్య పెరిగి, నాకది తెలియదంటే ఎవరూ నమ్మరు. నేనేం చేశానో తెలుసా? "యంత్ర నాగరికత నుంచి మట్టి వైపు రచయిత్రి ప్రయాణం" అని పక్కన పెన్సిలుతో రాసుకున్నాను.

సమీక్ష ఒక్క ఊపులో రాశాను. అందులో కొంత మీ ముందు పెట్టక తప్పదు, సిగ్గుపడుతూనే. "ఈ నవలలో తొంభై ఏడవ పుట నుంచి నూట పన్నెండవ పుట వరకు ఉన్న పదహారు పుటలు మాత్రమే సజీవమైనవి. పురుగును, విషాన్ని, ఎండిన మొవ్వును ప్రతీకలుగా చేసుకుని సాగిన ఈ చైతన్య స్రవంతి తెలుగు నవలకు కొత్త శిల్పం. మిగిలిన భాగమంతా మామూలు కథ. పైగా చివరకు సరోజ పెళ్ళి మాట మాని బడికే వెళ్ళడానికి నవలలో ఎక్కడా కారణం కనిపించదు. ఇది పెద్ద లోపం."

కారణం ఎలా కనిపిస్తుంది? ఆ కారణం ఉన్న పదహారు పేజీలే నా దగ్గర లేవు.

నాగభూషణం గారు సమీక్ష ప్రూఫు చూసి తల గోక్కున్నారు.

"ఏంటి సూర్యంగారూ, ఇది పొగిడినట్టా, తిట్టినట్టా?"

"రెండూ కాదండి. విశ్లేషణ."

"మిగతాదంతా మామూలు అన్నారుగా?"

"ఆ పదహారు పేజీల ముందు ఏదైనా మామూలేనండి."

"అయితే రెండో నవల మొత్తం ఆ పదహారు పేజీల్లాగే రాయమని చెబుతాను. అట్లా రాస్తే వేద్దాం, లేకపోతే లేదు" అని ఆయన తేల్చేశారు. నాకు అదీ న్యాయంగానే అనిపించింది.

పత్రిక వచ్చిన ఆదివారం, నా ఘనత చూపించుకోవడానికి పత్రికనూ పుస్తకాన్నీ సంచిలో పెట్టుకుని బాపట్ల వెళ్ళాను. అక్కడ మా అక్క ఉంటుంది. బావకి వ్యవసాయం. మధ్యాహ్నం భోజనాలయ్యాక బావ అరుగు మీద నడుం వాల్చి, నేను గుర్తు పెట్టిన ఆ పేజీలు చదవడం మొదలుపెట్టాడు. బావ జన్మలో నవల చదవగా నేను చూడలేదు. ఆ రోజు మాత్రం లేచి కూర్చుని, వేలు పెట్టి మరీ చదివాడు. నా సమీక్ష శక్తి ఇదీ అనుకున్నాను.

"ఒరే సూర్యం, ఈ టీచరమ్మకి ఎన్నెకరాలున్నయ్ రా?" అన్నాడు కాసేపటికి.

"ఎందుకు బావా?"

"మందు పాళ్ళు కరెక్టుగా రాసింది. పోయినేడు ఇది నా చేతికొస్తే రెండెకరాలు దక్కేయి."

"అది మందు కాదు బావా. ప్రతీక."

"ఎకరానికి పది కేజీల ప్రతీకా?"

"నీకు అర్థం కాదు బావా. హీరోయిన్ మనసులో జరుగుతున్నది అది."

"ఆ పిల్ల మనసులో పొద్దున్నే మంచు ఆరకముందు ఎందుకు చల్లాలి రా? ఆకు తడిగా ఉంటే పొడి అంటుకుంటుంది కాబట్టి. అది పొలంలో సంగతి గానీ మనసులో సంగతి కాదు."

లోపలి నుంచి మా అక్క అందుకుంది. "వాడు చదువుకున్నవాడు, వాడికి తెలీదా? మీరు ఊరుకోండి." బావ ఊరుకున్నాడు. ఊరుకుని, ఒక పాత క్యాలెండరు వెనక ఆ పాళ్ళన్నీ ఎక్కించుకున్నాడు. దేవుడు మా బావ రూపంలో అరుగు మీద కూర్చుని కళ్ళ ముందు చెబుతున్నా నేను వినలేదు. పైగా పాపం రైతు, సాహిత్యం అందని మనిషి అని జాలిపడ్డాను.

తర్వాతి వారం శాంతమ్మ గారి దగ్గరి నుంచి ఉత్తరం వచ్చింది. గుండ్రటి టీచరు దస్తూరి. "గౌరవనీయులైన నిశితాక్షుడు గారికి, మీ సమీక్ష నాలుగుసార్లు చదివాను. ఆ పదహారు పేజీల్లో అంత ఉందని రాసిన నాకే తెలియలేదు. మా ఊరి లైబ్రరీలో పుస్తకం మీద సభ పెడుతున్నారు. మీరు వచ్చి ఆ భాగం చదివి వివరిస్తే మేమంతా నేర్చుకుంటాము. నాగభూషణం గారు కూడా వస్తున్నారు. రెండో నవల సంగతి ఆ రోజే తేలుస్తామన్నారు." వినయం అంటే ఇదీ అనుకుని ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

తెనాలి నుంచి రేపల్లె బండి ఎక్కాను. ఆ బండి ప్రతి స్టేషన్లోనూ ఎవరో తెలిసినవాళ్ళు కనిపించినట్టు ఆగేది. ఎంత నింపాదిగా వెళ్ళినా అక్కడితో లైను అయిపోతుంది కాబట్టి చివరికి రేపల్లె చేరక తప్పదు. స్టేషనుకు శాంతమ్మ గారే వచ్చారు. ముప్ఫై దాటిన మనిషి, తెల్లచీర, చేతిలో గొడుగు. వాళ్ళింట్లో ఉప్మా, కాఫీ ఇచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు.

"సార్, మీరు రాసిన పురుగు ఎవరో నాకు తెలిసిందండి" అన్నారు మెల్లిగా.

"చెప్పండి."

"సరోజ మేనమామే కదండి? నేను ఆయన్ని పురుగు అనుకోలేదు గానీ, మీరు చెప్పాక అవుననిపించింది."

"అవునండి. మేనమామే" అన్నాను. నాకు అంతకుముందు తట్టలేదు. బాగుందనిపించింది.

"మరి విషం?"

"అది... కట్టుబాట్లు."

ఆవిడ తల ఊపారు. "ప్రెస్సు ఓనరుగారు రెండో నవలని కూడా ఆ పదహారు పేజీల్లాగే తిరగరాయమంటున్నారండి. ఆ పేజీలు తీసి ఎన్నిసార్లో చదువుకున్నాను. అవి మిగతా పేజీల్లాగే ఉన్నట్టున్నయ్ నాకు. తేడా ఏంటో పట్టుబడట్లేదు. నాలుగేళ్ళు రాశానండి ఆ రెండోది. అదట్లాగే వెనక్కొచ్చేస్తే ఇంక రాయలేనేమో. ఎట్లా రాయాలో కాస్త చెప్పండి."

పాఠకులారా, ఆ క్షణంలోనైనా నేను నా సంచి విప్పి, ఏవీ ఆ పేజీలు, ఇద్దరం కలిసి చూద్దాం అని ఉంటే సరిపోయేది. నేనేమన్నానో తెలుసా? "ఆలోచించకండి. మనసును వదిలేయండి. అదే పారుతుంది" అన్నాను. ఎనిమిదేళ్ళు ఆలోచించి ఒక నవల, నాలుగేళ్ళు ఆలోచించి ఇంకో నవల రాసిన మనిషికి నేనిచ్చిన సలహా అది. ఆవిడ దాన్ని నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు ఒళ్ళు చచ్చిపోతుంది.

సభకు హాలు నిండింది. ఒక పక్క టీచర్లు, మిల్లుల గుమాస్తాలు, చుట్టుపక్కల ఊళ్ళ రైతులు. ఇంకో పక్క ఆడవాళ్ళు. వేదిక మీద శాంతమ్మ గారు, నాగభూషణం గారు, నేను. నన్ను పరిచయం చేసినప్పుడు చప్పట్లు బాగానే పడ్డాయి. నేను కళ్ళజోడు తుడుచుకుని, పుస్తకం తెరిచి, గొంతు కాస్త వణికించి మొదలుపెట్టాను.

"సరోజ కిటికీ దగ్గరకు వచ్చి, అతని చేతిని పట్టుకుని, నెమ్మదిగా... పొలంలో నీరు తీసివేసి మూడు రోజులు ఆరబెట్టాలి."

హాలు నిశ్శబ్దం. ఆహా అనుకున్నాను. "పైకి పచ్చగా కనిపించినను లోపల మొవ్వు ఎండిపోయి, పట్టుకుని లాగినచో చేతికి వచ్చును" అన్న దగ్గర నా గొంతు నిజంగానే పూడుకుపోయింది. జేబురుమాలు తీశాను. ముందు వరసల్లో ఉన్న రైతులు మెడలు సాచి వింటున్నారు. ఒకాయన పక్కాయన జేబులోంచి పెన్సిలు లాక్కున్నాడు. ఇంత శ్రద్ధగల శ్రోతలు తెనాలిలో కూడా లేరని నాకు పొంగు వచ్చింది.

పక్క నుంచి శాంతమ్మ గారు చిన్న గొంతుతో అడిగారు. "సార్, ఏ పేజీ అండి అది?"

"తొంభై ఏడండి."

ఆవిడ తన పుస్తకంలో తొంభై ఏడు చూశారు. అట్ట మీద పేరు చూశారు. మళ్ళీ తొంభై ఏడు చూశారు. నేను ఆగలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకునే ఘట్టం వస్తోంది మరి. అంతలో హాలు మధ్యలోంచి ఒక పెద్దాయన లేచారు.

"బాబూ, కాస్త ఆగండి. అది నాది" అన్నారు.

"ఏదండి మీది?"

"మీరు చదివేదే. నా పేరు చలపతిరావు, కర్లపాలెం. నేను వరి మీద ఒక పుస్తకం రాశాను. ఈ నాగభూషణం గారే అచ్చేశారు. మా ఊరికొచ్చిన కట్టలో పురుగుమందు పేజీలు లేవు. ఆ చోట ఎవరో సరోజ అంట, రామ్మూర్తి అంట. నెల రోజుల్నించి తెనాలి తిరుగుతున్నాను, ఈయన దొరకట్లేదు. ఇక్కడికొస్తున్నారని తెలిసి వచ్చాను. వచ్చి కూర్చుంటే మీరు నా పేజీలు చదివి ఏడుస్తున్నారు. ఎందుకు ఏడుస్తున్నారో నాకు తెలియట్లేదు."

నాగభూషణం గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అంతా ఆయనకు ఒక్కసారిగా అర్థమైంది. రెండు పుస్తకాలూ ఒకే నెలలో, ఒకే సైజులో అచ్చయ్యాయి. పుస్తకం పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చవుతుంది. వాటిని మడిచి, దొంతరలు పెట్టి, వరస ప్రకారం ఏరి కుడతారు. ఏడో ఫారం దొంతరలు కొన్ని అటువి ఇటు, ఇటువి అటు వెళ్ళాయి. పేజీల నంబర్లు రెండింటికీ ఒకటే కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు. శాంతమ్మ గారికి ఇచ్చిన ప్రతులు మంచివి. తప్పు ప్రతుల్లో ఒకటి ఈ నిశితాక్షుడి చేతిలో పడింది.

ఆయన వెనక నుంచి నా చొక్కా అంచు పట్టుకుని లాగారు. "సూర్యంగారూ, ఇప్పటిదాకా సరదాకి చదివానని చెప్పండి. బయటపడదాం."

"మరి నా సమీక్ష?"

"రేపటికి ఎవరికీ గుర్తుండదు."

"మరి ఆవిడ రెండో నవల?"

"అది వేరే సంగతండి. ఆ పదహారు పేజీలు తప్ప మిగతాది మామూలని మీరే రాశారుగా. ఆ పదహారూ కూడా ఆవిడవి కాదని తేలిపోయింది. ఇంకేం వేస్తాను?"

నేను శాంతమ్మ గారి వైపు చూశాను. ఆవిడ చేయి చాచి, "మీ పుస్తకం ఒకసారి ఇట్లా ఇవ్వండి సార్" అన్నారు. ఇచ్చాను. తొంభై ఏడో పేజీ చదివారు. పక్కన నేను రాసుకున్న పెన్సిలు రాతలు కూడా చదివారు. ఏడుస్తారేమోనని భయపడ్డాను. అంత భయం నాకు పరీక్షల్లో కూడా వేయలేదు. ఆవిడ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని నేల వంక చూస్తూ కూర్చున్నారు. నాలుగేళ్ళ కాగితాలు రేపల్లె బండెక్కి తిరిగి రావడం ఆవిడకు అప్పుడే కనిపిస్తోందని నాకు తెలిసింది.

మైకు దగ్గరికి వెళ్ళాను. "అయ్యా, అమ్మా, నేను మెచ్చుకున్నది ఈవిడ రాసింది కాదండి. చలపతిరావు గారు రాసింది. అది పురుగుల మందు సంగతని మా బావ చెప్పాడు, నేను వినలేదు. నాకు అర్థం కాలేదండి. అర్థం కాలేదని రాయడానికి సిగ్గేసి, గొప్పగా ఉందని రాశాను. ఈవిడ రాసిన ఆ పదహారు పేజీలు నేను ఇంతవరకు చదవనే లేదు. చదవకుండా మిగతా నవల మామూలని, అందులో లోపం ఉందని రాశాను. ఆ సమీక్ష ఎవరూ పట్టించుకోవద్దండి. ముఖ్యంగా నాగభూషణం గారు."

తర్వాత నవ్వు మొదలైంది. అది ఎంతసేపు సాగిందంటే, మధ్యలో ఒకాయన బయటికి వెళ్ళి సోడా తాగి వచ్చి మళ్ళీ నవ్వడం నేను కళ్ళారా చూశాను. పెన్సిలు పట్టుకున్న రైతు మాత్రం నవ్వలేదు.

"అదంతా సరే గానండీ, మరి ఆ మందు పాళ్ళు నిజమేనా?" అన్నాడు.

"నిజమే. నేను రాసినవే" అన్నారు చలపతిరావు గారు ఛాతీ విరిచి.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక పెద్దావిడ లేచింది. ఆవిడ చలపతిరావు గారి వదినగారట. "మీ గొడవ మీరు తరవాత పడండి నాయనా. మేం బస్సు మారి ఇంత దూరం వచ్చింది పురుగుల కోసం కాదు. మా ఊళ్ళో ఆ వరి పుస్తకం మగాళ్ళెవరూ ముట్టట్లేదు. ఆడవాళ్ళమే ఇంటింటికీ తిప్పుకుంటున్నాం. ఆ పదహారు పేజీలు అయిపోగానే ఎలకలు, గాదెలు అని వస్తుంది. ఇంతకీ ఆ సరోజ ఉద్యోగం మానిందా, లేదా?"

శాంతమ్మ గారు తలెత్తారు. సభ మొదలైనప్పటి నుంచి ఆవిడ ముఖంలో వెలుగు చూడటం అదే మొదటిసారి.

"ముందు ఆ పదహారు పేజీలూ మిగతా అందరికీ చదివి వినిపించనా అమ్మా?" అని తన పుస్తకం తీసుకుని మైకు ముందుకు వచ్చారు. బడిలో పాఠం చెప్పే గొంతుతోనే, ఏ వణుకూ లేకుండా చదివారు. "సరోజ కిటికీ దగ్గరకు వచ్చి, అతని చేతిని పట్టుకుని, నెమ్మదిగా తన భుజం మీద నుంచి తీసివేసింది. 'మీరు నన్ను అడుగుతున్నది పెళ్ళి కాదు రామ్మూర్తిగారూ, రాజీనామా' అంది."

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక పెద్ద నిట్టూర్పు వచ్చింది. ఆవిడ పదహారు పేజీలూ చదివారు. ఒక్కరు లేవలేదు. నేను కుర్చీ అంచున కూర్చుని విన్నాను. నేను లోపం అని రాసిన చోట లోపం లేదు. ప్రతి మాటా అర్థమైంది, అయినా ఎంతో బాగుంది. ఈ రెండూ ఒకే పుస్తకంలో ఉండవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

"మరి చివరికి మానిందా?" అని వదినగారు మళ్ళీ లేచింది.

శాంతమ్మ గారు నోరు తెరిచేలోగా నాగభూషణం గారు మైకు లాక్కున్నారు. "చెప్పకండమ్మా, మీకు దణ్ణం పెడతాను, చెప్పకండి. కర్లపాలేనికి రేపే పుస్తకాలు పంపిస్తాను. అందరూ చదువుకుంటారు. రెండో నవల వచ్చే నెల మెషినెక్కుద్ది. ఒక్క అక్షరం మార్చక్కర్లేదు."

శాంతమ్మ గారు నోటుపుస్తకం తెరిచి, నా సలహా రాసుకున్న కాగితాన్ని జాగ్రత్తగా చించి, మడిచి నా చేతిలో పెట్టారు. "ఇది మీ దగ్గరే ఉండనివ్వండి సార్" అన్నారు. అంతకన్నా మర్యాదగా నన్ను ఎవరూ తిట్టలేదు.

తప్పు ప్రతులన్నీ వెనక్కి తెప్పించారు గానీ కర్లపాలెం ఆడవాళ్ళు మాత్రం వాళ్ళ వరి పుస్తకం ఇవ్వలేదు. మందు పేజీలు విడిగా అచ్చేసి మగవాళ్ళకు పంచమన్నారట. నాకు పడిన శిక్ష వేరు. ఏడాది పాటు నా పేజీలో సమీక్షలు లేవు, "మాకు అందిన పుస్తకాలు" అనే జాబితా ఒక్కటే. పేరు, రచయిత, పేజీల సంఖ్య. నేను ప్రతి పుస్తకం పేజీలూ ఒక్కొక్కటే తిప్పి, అడుగున ఫారం నంబర్లు చూసి మరీ రాసేవాణ్ణి.

నాగభూషణం గారి వచ్చే నెల సాగి సాగి, నా శిక్ష కూడా ముగిశాక, డెబ్బైల మొదట్లో శాంతమ్మ గారి రెండో నవల వచ్చింది. దాన్ని సమీక్షకు నాకే ఇవ్వాలని ఆవిడ పట్టుబట్టారని నాగభూషణం గారు చెప్పారు. నమ్మలేకపోయాను. పుస్తకం విప్పితే లోపల ఒక చిన్న చీటీ. "సార్, ఇందులో పురుగులు లేవండి. వెతక్కండి."

మూడుసార్లు చదివాను. నాకు అర్థమైనంత రాశాను. చాలా బాగుందని రాశాను, ఎందుకు బాగుందో మామూలు మాటల్లో రాశాను. చివర్లో, గుండె చిక్కబట్టుకుని, ఒక వాక్యం కలిపాను: "నూట ముప్ఫయ్యో పేజీలో, కూతురు వెళ్ళిపోతుంటే తల్లి ఎందుకు నవ్విందో నాకు అర్థం కాలేదు."

వారం తిరక్కుండా కార్డు వచ్చింది, అదే గుండ్రటి దస్తూరి. "ఆ తల్లి ఎందుకు నవ్విందో నాకూ తెలియదు సార్. రాస్తుంటే నవ్వింది, ఉంచేశాను. ఇన్ని సమీక్షలొచ్చాయి, అడిగింది మీరొక్కరే."

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా, కుడిచేత్తో కలం పట్టుకుని, ఎడమచేత్తో కళ్ళజోడు సర్దుకుని ప్రమాణం చేస్తున్నాను. అర్థం కాని పేజీని ఈ జన్మలో పొగడను. పొగిడినట్టు ఎక్కడైనా మీ కంటపడితే, ఆ పుస్తకం రాసినవాళ్ళకు నా సానుభూతి చెప్పండి, నన్ను మాత్రం సభకు పిలవకండి.